పెదవి దాటిన మాటకు మైకు తోడైతే...

“హలో... మైక్ టెస్టింగ్... వన్, టూ, త్రీ...”

మేడ్చల్, శామీర్‌పేట పరిసర గ్రామాల్లో ఈ మాటలు వినపడ్డాయంటే ఊళ్లో ఏదో కార్యం ఉందని లెక్క. పెళ్లి కావచ్చు, బోనాలు కావచ్చు, వినాయక మంటపం కావచ్చు, ఓట్ల సభ కావచ్చు. ఏదైనా సరే, పందిరి పూర్తి కాకముందే మైకు గొట్టం చెట్టెక్కి కూర్చుంటుంది. చిక్కు ఎక్కడంటే, మైకు పెట్టడం తెలిసినంతగా దాన్ని ఆపడం మనవాళ్లకు తెలియదు. సభ ముగిసినా, పూజ ముగిసినా మైకు మాత్రం చెవి ఒగ్గి వింటూనే ఉంటుంది. విన్నదాన్ని కడుపులో దాచుకోవడం దానికి చేతకాదు. ఊరంతా చాటుతుంది.

మంత్రం మధ్యలో అయ్యగారు దక్షిణ సంగతి అడిగిన మాట, పెళ్లి పెద్ద వంటవాడి మీద విసుక్కున్న మాట, వేదిక దిగుతూ నాయకుడు “జనం ఇంతేనా?” అని అనుచరుణ్ణి గదమాయించిన మాట - ఇవన్నీ మైకు పుణ్యమా అని ఊరి చివరి ఇంటిదాకా చేరడం పల్లెల్లో కొత్త కాదు. విన్నవాళ్లకు నవ్వు, అన్నవాడికి తల కొట్టేసినంత పని. “పెదవి దాటితే పృథివి దాటుతుంది” అని పెద్దలు మైకులు లేని రోజుల్లోనే అన్నారు. ఇప్పుడు పృథివి దాటడానికి అరక్షణం చాలు.

నవ్వి ఊరుకుంటే సరిపోయే సంగతులు కొన్నే. ఒక దేశపు ప్రధానమంత్రి ఆపని మైకు వల్ల ఓటరు ఇంటికి వెళ్లి తప్పయిందని చెప్పుకోవలసి వచ్చింది. ఒక వకీలు బనియనుతో కెమెరా ముందు కూర్చున్నందుకు బెయిలు విచారణే వాయిదా పడింది. ఈనాడు ప్రతి జేబులోనూ మైకూ కెమెరా రెండూ ఉన్నాయి కనుక ఈ సంగతి పెద్దవాళ్లది మాత్రమే కాదు, అందరిదీ.

డప్పు నుంచి సెల్‌ఫోను దాకా

ఒకప్పుడు ఊరికి కబురు చెప్పాలంటే డప్పు చాటింపే దిక్కు. చాటింపు వేసే మనిషి కూడలిలో నిలబడి, చెప్పవలసింది చెప్పి, డప్పు భుజాన వేసుకుని వెళ్లిపోయేవాడు. డప్పు కొట్టనిదే మోగదు. మైకు అలా కాదు, ఆపనిదే ఊరుకోదు. తేడా అంతా అక్కడే ఉంది.

తర్వాత ఆంప్లిఫయర్లు, గొట్టం స్పీకర్లు వచ్చాయి. పగలు పొలాల మీదుగా పోయి చెదిరిపోయే శబ్దం రాత్రివేళ దూరం పాకుతుంది. ఎండకు కాగిన నేల మీద గాలి వేడెక్కి శబ్దాన్ని పైకి తీసుకుపోతుంది. రాత్రి నేలకు దగ్గరి గాలి చల్లబడి, పైగాలి వెచ్చగా ఉండటంతో అదే శబ్దం కిందికి వంగి నేలబారుగా సాగుతుంది. శామీర్‌పేట పెద్దచెరువు వంటి నీళ్ల మీద ఇది మరీ ఎక్కువ. చెరువుకు అవతలి ఒడ్డున మాట్లాడినా పక్కనే ఉన్నట్టు వినపడేది ఇందుకే. అర్ధరాత్రి ఆపని మైకు దగ్గర గుసగుసలాడినా దాగదు. రాత్రి 10 గంటల నుంచి ఉదయం 6 గంటల వరకు బహిరంగంగా లౌడ్‌స్పీకర్లు వాడరాదని 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాలు చెబుతున్నాయి. ఆ నియమం పాటిస్తే నిద్రతోపాటు పరువూ దక్కుతుంది.

ఈ ప్రాంతంలో సభలకు కొదవ లేదు. మేడ్చల్ 44వ నంబరు జాతీయ రహదారి మీద, శామీర్‌పేట రాజీవ్ రహదారి మీద ఉన్నాయి. రెండు దారుల వెంటా ఫంక్షన్ హాళ్లు వెలిశాయి. 2016 అక్టోబరు 11న మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా ఏర్పడింది. 2022 ఆగస్టులో శామీర్‌పేట మండలం అంతాయిపల్లిలో కలెక్టరేటు కొత్త భవనం ప్రారంభమైంది. ఇక సమీక్షలు, సమావేశాలు, మధ్యమధ్య వీడియో కాన్ఫరెన్సులు. మైకు ముందు కూర్చోవలసిన అవసరం సర్పంచి మొదలు స్వయం సహాయక సంఘం మహిళ వరకు ఎందరికో వచ్చింది.

‘టెస్టింగ్’ మాట ప్రపంచం చుట్టింది

మన ఊళ్లో మైకు పరీక్షకు వన్, టూ, త్రీ అంటారు. అమెరికా అధ్యక్షుడు రోనాల్డ్ రీగన్ ఇంకోటి అన్నారు. 1984 ఆగస్టు 11న వారం వారం చేసే రేడియో ప్రసంగానికి కాలిఫోర్నియాలోని తమ పశుక్షేత్రంలో కూర్చున్నారు. ధ్వని సరిచూసుకోవడానికి ఏదైనా మాట్లాడవలసి వచ్చింది. ఆయన హాస్యానికి, రష్యాను శాశ్వతంగా నిషేధించే చట్టం మీద సంతకం చేశానని, అయిదు నిమిషాల్లో బాంబులు వేయడం మొదలవుతుందని అన్నారు.

ఆ మాట నేరుగా ప్రసారం కాలేదు. గదిలో ఉన్నవాళ్లు నవ్వుకున్నారు. కానీ రికార్డయింది. రికార్డయినది బయటికి పొక్కింది. రెండు దేశాల చేతుల్లోనూ అణ్వాయుధాలున్న రోజులవి. సోవియట్ వార్తాసంస్థ టాస్ తీవ్రంగా ఖండించింది. అన్నది హాస్యానికే. కానీ మైకుకు హాస్యమేదో ఆన ఏదో తెలియదు.

కాలరు మైకు తెచ్చిన తంటా

బ్రిటన్ ప్రధాని గార్డన్ బ్రౌన్ కథ ఇంకా రంజైనది. 2010 ఏప్రిల్ 28. ఎన్నికలకు వారం రోజుల ముందు. రోచ్‌డేల్ పట్టణంలో ఓట్లడగడానికి వెళ్లారు. 65 ఏళ్ల వితంతువు ఒకరు ఎదురుపడి దేశం అప్పుల గురించి, వలస వచ్చేవారి గురించి నిలదీశారు. ఆయన నవ్వుతూనే జవాబిచ్చి, మనవల సంగతులు కూడా అడిగి, కారెక్కారు. తలుపు పడగానే ఆ నవ్వు మాయమైంది. ఆమెతో ఎవరు మాట్లాడించారని సిబ్బంది మీద విసుక్కున్నారు. ఆమెది మూర్ఖపు పట్టుదల అన్న అర్థం వచ్చే మాట తూలారు.

కోటుకు తగిలించిన టీవీ వాళ్ల కాలరు మైకు అలాగే ఉంది. దానికి తీగ లేదు కనుక తీసేయాలన్న ధ్యాస ఎవరికీ రాలేదు. కారు కదిలింది, మాట విలేఖరులకు చేరింది. అదే రోజు ఒక రేడియో కార్యక్రమంలో ఆయన మాటలు ఆయనకే వినిపించారు. ఆయన తల చేత్తో పట్టుకున్నారు. రేడియోయే కదా, ఎవరు చూస్తారనుకున్నారు గాని, ఆ గదిలో కెమెరా కూడా ఉంది! ఆ బొమ్మ కూడా దేశమంతా చూసింది.

బ్రౌన్ మళ్లీ రోచ్‌డేల్ వెళ్లి, ఆ వృద్ధురాలి ఇంట్లో సుమారు 40 నిమిషాలు కూర్చుని క్షమాపణ చెప్పుకుని వచ్చారు. మే 6న జరిగిన ఎన్నికల తర్వాత ఆయన పదవి పోయింది. విచిత్రమేమంటే, ఆ రోచ్‌డేల్‌లో మాత్రం ఆయన పార్టీ అభ్యర్థే గెలిచాడు. ఓటు వేరు, నొచ్చుకున్న మనసు వేరు. ఓట్లు లెక్కబెట్టవచ్చు, మనసు నొప్పిని ఏ పెట్టెలో లెక్కబెట్టగలం?

ఇరుగు పొరుగు రాష్ట్రాల్లో...

దూరపు కొండలే నున్నన అనుకోనక్కర లేదు. 2021 అక్టోబరులో బెంగళూరులో కర్ణాటక కాంగ్రెస్ నాయకులు వి.ఎస్. ఉగ్రప్ప, సలీం పత్రికా సమావేశానికి కూర్చున్నారు. సమావేశం మొదలు కాకముందే ఇద్దరూ తల దగ్గర తల పెట్టి తమ పార్టీ రాష్ట్ర అధ్యక్షుడు డి.కె. శివకుమార్ గురించే గుసగుసలాడుకున్నారు. ఎదురుగా మైకులున్నాయి. సలీంను పార్టీ ఆరేళ్లపాటు బహిష్కరించింది. ఉగ్రప్పకు సంజాయిషీ నోటీసు వచ్చింది.

2023 సెప్టెంబరులో మహారాష్ట్రలో మరొకటి. మరాఠా రిజర్వేషన్ల ఆందోళన జోరుగా ఉన్న సమయం. ముఖ్యమంత్రి ఏక్‌నాథ్ షిండే, ఉపముఖ్యమంత్రులు ఫడ్నవీస్, అజిత్ పవార్ విలేఖరుల ముందుకు వచ్చి కూర్చున్నారు. మాట్లాడేసి వెళ్లిపోదామన్న ధోరణిలో ముఖ్యమంత్రి అన్న మాట మైకులో పడింది. మైకు ఆన్‌లో ఉందని ఫడ్నవీస్ హెచ్చరించడం కూడా అందరికీ వినపడింది! తన మాటకు వక్రభాష్యం చెప్పారని షిండే తర్వాత వివరణ ఇచ్చుకున్నారు. కానీ అప్పటికే ఆ వీడియో ఊరూరా తిరిగింది.

కోర్టే ఇంటికి వచ్చింది

2020లో కరోనా వచ్చింది. కచేరీలు మూతపడ్డాయి. వీడియో ద్వారా విచారణలు జరపడానికి సుప్రీంకోర్టు ఆ ఏడాది ఏప్రిల్ 6న మార్గదర్శకాలిచ్చింది. కోర్టు ఇంట్లోకి వచ్చింది గాని, ఇల్లే కోర్టయిందన్న సంగతి కొందరు మరచిపోయారు.

అదే నెలలో రాజస్థాన్ హైకోర్టులో ఒక బెయిలు దరఖాస్తు విచారణకు వచ్చింది. తీరా చూస్తే వకీలుగారు బనియనుతో దర్శనమిచ్చారు. న్యాయమూర్తి విచారణను వాయిదా వేశారు. నల్లకోటు వేసుకోనిది వకీలు. ఎదురుచూడవలసి వచ్చింది మాత్రం బెయిలు కోరిన మనిషి.

2021 జూన్ 2న సినీనటి జుహీ చావ్లా 5జీ సెల్ టవర్ల మీద వేసిన వ్యాజ్యం ఢిల్లీ హైకోర్టు వీడియోలో విచారణకు వచ్చింది. మధ్యలో ఎవరో ఆమె సినిమా పాటలు అందుకున్నారు. ఒకసారి తప్పించినా మళ్లీ వచ్చి పాడారు. విచారణ లింకును ఆమె సామాజిక మాధ్యమాల్లో అందరికీ పంచారని కోర్టు ఆగ్రహించి 20 లక్షల రూపాయల ఖర్చులు విధించింది. తర్వాత 2022 జనవరిలో అది 2 లక్షలకు తగ్గింది. 2025 జూన్‌లో గుజరాత్ హైకోర్టు విచారణకు ఒక కక్షిదారు మరుగుదొడ్డిలో కూర్చునే హాజరయ్యాడు. కోర్టు దాన్ని ధిక్కారంగా తీసుకుంది.

నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం శామీర్‌పేటలోనే ఉంది. న్యాయశాస్త్రం అక్కడ చదువుకోవచ్చు. కెమెరా ముందు ఎలా కూర్చోవాలో మాత్రం భూమి తగాదాకో, చెక్కు కేసుకో ఫోనులో హాజరయ్యే రైతు కూడా నేర్చుకోవలసిందే.

ఆగిన కెమెరాతోనూ తంటాలే

ఆపని కెమెరా ఒక తంటా అయితే, ఆగిన కెమెరా మరొకటి. 2014 ఫిబ్రవరి 18న ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ బిల్లు లోక్‌సభలో ఆమోదం పొందుతున్న వేళ ప్రత్యక్ష ప్రసారం ఆగిపోయింది. ఇక్కడ ఊరూరా జనం టీవీలకు అతుక్కుపోయి ఉన్నారు. తెర మాత్రం సభను చూపడం మానేసింది. సాంకేతిక లోపమని చెప్పారు. నమ్మినవారు నమ్మారు, లేనివారు లేదు. సభలో జరిగేది జనం చూడాలి, ఇంట్లో జరిగేది చూడకూడదు. ఈ గీత తారుమారైనప్పుడే గొడవ.

ఇది నవ్వులాట కాదు

నాయకుడి మాట బయటపడితే రెండు రోజులు నవ్వుకుంటారు. ఇంటి ఆడపడుచు దృశ్యం బయటపడితే ఆ ఇల్లు కోలుకోవడం కష్టం. పెట్టేయడం మరచిన వీడియో కాల్‌లో కనిపించిన దృశ్యాన్ని పక్కవాడు రికార్డు చేసి నలుగురికి పంపితే, అది పొరపాటు దాటి నేరమవుతుంది. మనిషి మరుగును అనుమతి లేకుండా చిత్రించినా, పంచినా సమాచార సాంకేతిక చట్టం 66-ఇ సెక్షను కింద 3 ఏళ్ల వరకు జైలు, 2 లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. గోప్యత ప్రాథమిక హక్కేనని సుప్రీంకోర్టు 9 మంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న తీర్పు చెప్పింది.

కనుక సిగ్గుపడవలసింది ఫోను ఆపడం మరచిన మనిషి కాదు, దాన్ని పంచిన మనిషి. ఇలాంటిది జరిగితే దాచుకుని కుమిలిపోకుండా పోలీసులకు చెప్పాలి. తెలంగాణలో 2014 నుంచి షీ టీములున్నాయి. సైబర్ నేరాలకు 1930 నంబరు ఉంది. మహిళలు, పిల్లలకు సంబంధించిన ఫిర్యాదులను జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో పేరు చెప్పకుండా కూడా ఇవ్వవచ్చు.

ఏం చేస్తే మేలు?

మైకు సెట్టు తెచ్చిన అబ్బాయిని ఊరు పెద్దగా పట్టించుకోదు. నిజానికి పది మంది పరువు అతని చేతిలోని మరలో ఉంటుంది. ఒకరు మాట్లాడి దిగగానే ఆ మైకు మరను పూర్తిగా తగ్గించాలి. తీగ లేని మైకును చేతిలోకి తీసుకుని, మీట నొక్కి, ఆ తర్వాతే పక్కన పెట్టాలి. కాలరు మైకు తగిలించినవారే దాన్ని తీసేయాలి. వక్తకు గుర్తుంటుందని వదిలేయకూడదు.

ఫోను సంగతికొస్తే, మైకు బొమ్మ మీద అడ్డగీత ఉంటేనే అది మూగది. కెమెరా బొమ్మకూ అంతే. మాట అయిపోయాక ఎర్ర గుర్తు నొక్కి, కాల్ ఆగిందని చూసుకుని ఫోను కింద పెట్టాలి. వీడియో సమావేశం జరుగుతుంటే ఇంట్లో వాళ్లకు ముందే చెప్పాలి. మన వీపు వెనక గోడ ఉండేటట్టు కూర్చుంటే లోపలి గది కనపడదు. ఎదుటివాడు ఆపడం మరిచాడని తెలిస్తే నవ్వుతూ వినడం మర్యాద కాదు. “అన్నా, నీ మైకు నడుస్తున్నది” అని ఒక్క మాట చెబితే అతని పరువు నిలుస్తుంది.

ఇవన్నీ పాటించినా ఏదో ఒకనాడు మరపు రాకపోదు. అందుకే పెద్దలు ఇంకో మాట కూడా చెప్పారు. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందట. మనిషి ఎదుట ఒక మాట, మనిషి కదిలాక ఇంకో మాట లేనివాడిని ఏ మైకూ ఏమీ చేయలేదు.