వరద నీరు దిగిన తరువాత: తడిసిన గోడకు రంగు ఎప్పుడు?

2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి విజయవాడలోని సింగ్‌నగర్, పాయకాపురం తదితర ప్రాంతాలను ముంచెత్తింది. చాలా ఇళ్లలో నీరు రోజుల తరబడి నిలిచిపోయింది. నీరు తీశాక అగ్నిమాపక శకటాలతో వీధులను, ఇళ్లను కడిగించారు. మునిగిన ఇళ్లలో కింది అంతస్తు వారికి 25,000 రూపాయలు, పై అంతస్తుల వారికి 10,000 రూపాయలు ప్రభుత్వం సాయంగా ప్రకటించింది.

అటువంటి కింది అంతస్తులోని ఒక కుటుంబాన్ని ఊహించుకోండి. చేతిలో 25,000 ఉన్నాయి. నాలుగు అడుగుల ఎత్తున గోడ పొడవునా బురద చార ఉంది. రెండు వారాలు ఎండ కాసింది, గోడను తాకితే పొడిగానే ఉంది. దసరా దగ్గర పడుతోంది. ఎవరికైనా మొదట తట్టేది రంగులు వేయించడమే. ఆ పని అన్నింటికన్నా చివర ఎందుకు చేయాలో ఈ భాగంలో తెలుసుకుందాం.

గోడ ఎంత నీరు తాగుతుంది?

ఇటుక నిండా కంటికి కనిపించని సన్నని రంధ్రాలు ఉంటాయి. నీటిలో ఒక రోజు నానబెట్టిన సాధారణ ఇటుక తన బరువులో 20 శాతానికి మించి నీరు పీల్చరాదని భారతీయ ప్రమాణాలు చెబుతాయి. అంటే మూడు కిలోల ఇటుక 600 గ్రాముల వరకు పీల్చవచ్చు. మనం అందులో సగమే, 300 గ్రాములే అనుకుందాం.

పది అడుగుల పొడవు, తొమ్మిది అంగుళాల మందం గల గోడ నాలుగు అడుగుల ఎత్తు వరకు మునిగింది. ఆ మేరకు గోడ ఘనపరిమాణం 30 ఘనపుటడుగులు. అందులో సుమారు 425 ఇటుకలు ఉంటాయి. ఒక్కొక్కటి 300 గ్రాముల చొప్పున లెక్కకడితే దాదాపు 130 లీటర్లు. మనం కొనుక్కునే 20 లీటర్ల మంచినీళ్ల క్యాన్లు ఆరున్నర! ఒక గది నాలుగు గోడలకూ ఈ లెక్క వేసి చూడండి. పైన గిలాబు ఆరినంత మాత్రాన ఇంత నీరు ఎక్కడికీ పోలేదని అర్థమవుతుంది.

ఈ నీరు బయటపడే దారి గోడ ఉపరితలం ఒక్కటే. లోపలి తేమ మెల్లగా పైకి వచ్చి గాలిలో కలవాలి. ఆ దారిని పుట్టీతోనూ ఎమల్షన్‌తోనూ మూసేస్తే తేమ లోపలే చిక్కుకుంటుంది. తేమతో పాటు ఇటుకలోని, బురదనీటిలోని లవణాలు కూడా పైకి వస్తాయి. నీరు ఆవిరైపోగా లవణాలు స్ఫటికాలుగా మిగిలి, పెరుగుతూ రంగుపొరను తోసేస్తాయి. మనం గోడకు చౌడు పట్టిందనేది దీన్నే. పొక్కులు లేచి పెచ్చులూడితే తప్పు పెయింటరుదనో, కంపెనీదనో అనుకుంటాం. తప్పు తొందరది.

చల్లని దేశాల్లో గోడ ఆరడానికి అంగుళం మందానికి నెల చొప్పున స్థూలంగా లెక్క కడతారు. మన ఎండలకు అంత పట్టకపోవచ్చు. అయినా ఇది వారాల పని కాదు, నెలల పని. ఈలోగా గోడ మరీ వికారంగా ఉందనిపిస్తే సున్నం వేయించండి. సున్నపు పొర తేమను అడ్డుకోదు, ఖర్చూ తక్కువ.

రంగుకు ముందు చేయవలసినవి

అన్నిటికన్నా ముందు కరెంటు. మెయిన్ ఆపకుండా తడి ఇంట్లో అడుగు పెట్టకండి. మెయిన్ బోర్డు దగ్గర నీరు నిలిచి ఉంటే దాన్ని ముట్టుకోకుండా విద్యుత్ సిబ్బందికి చెప్పండి. మునిగిన స్విచ్చు బోర్డులను ఎలక్ట్రీషియన్ విప్పి, ఆరబెట్టి, పరీక్షించే వరకు వాడరాదు. ఫ్రిజ్, వాషింగ్ మెషిన్ పనిచేస్తున్నాయో లేదో ఒకసారి వేసి చూద్దామనే ఆత్రుత ప్రాణం మీదికి తెస్తుంది. ఆ 25,000లో మొదటి భాగం దీనికి పోవడమే న్యాయం.

బురద తడిగా ఉన్నప్పుడే కడిగేయాలి, ఎండితే గోడను పట్టుకుంటుంది. నేలకు బ్లీచింగ్ పౌడరు ద్రావణం వాడేటప్పుడు అదే చోట బాత్‌రూమ్ యాసిడ్ పోయకండి. రెండూ కలిస్తే విషపూరితమైన క్లోరిన్ వాయువు వెలువడుతుంది.

ఆ తరువాత గాలి. ఎదురెదురు కిటికీలు తెరవండి. బోర్డులు సరిచేశాక ఫ్యాన్లు తిరగనివ్వండి. బీరువాను, మంచాలను గోడకు జానెడు ఎడంగా జరపండి. బీరువా వెనుక గోడే చివరిదాకా తడిగా ఉండి బూజు పట్టేది. (తెలుగులో సాలెగూడునూ, శిలీంధ్రాన్నీ కూడా బూజనే అంటాం. ఇక్కడ చెప్పేది శిలీంధ్రం గురించి.) తడి వస్తువులపై ఇది ఒకటి రెండు రోజుల్లోనే మొదలు కాగలదు. ఉబ్బసం ఉన్నవారికి హాని చేస్తుంది.

గోడపై తెల్లగా కనిపించేది బూజా, చౌడా అన్న అనుమానం వస్తే దానిపై ఒక నీటి చుక్క వేయండి. లవణమైతే సాధారణంగా కరిగిపోతుంది, బూజు కరగదు. చౌడును పొడి బ్రష్షుతో దులపాలి. కడిగితే లవణం మళ్లీ గోడలోకే పోతుంది. బూజును మాత్రం పొడిగా దులపరాదు. దాని బీజాలు గాలిలో లేస్తాయి కాబట్టి ముక్కుకు గుడ్డ కట్టుకొని తడిగుడ్డతో తుడవాలి.

టేకు తలుపులు నీడలో నెమ్మదిగా ఆరితే చాలావరకు కోలుకుంటాయి. ఉబ్బిన పార్టికల్ బోర్డు అల్మరా కోలుకోదు. మురుగునీరు తాగిన దూది పరుపును దాచుకోకండి. తడిసిన మార్కుల జాబితాలు, దస్తావేజులు ఒకదానికొకటి అంటుకుని ఉంటే బలవంతంగా విడదీయవద్దు. వెంటనే ఆరబెట్టే వీలు లేకుంటే ప్లాస్టిక్ సంచిలో పెట్టి, పొరుగువారి ఫ్రిజ్‌లోనైనా సరే, ఫ్రీజర్‌లో ఉంచండి. గడ్డకట్టిన కాగితానికి బూజు పట్టదు. తరువాత తీరికగా నీడలో ఆరబెట్టుకోవచ్చు.

అభ్యాసం

ఒకటిన్నర అడుగుల చదరపు పాలిథీన్ షీటు తీసుకొని, ఎప్పుడైనా చెమ్మ పట్టిన గోడకు నాలుగు అంచులా టేపుతో గాలి చొరకుండా అతికించండి. ఒక రోజు తరువాత తీసి చూడండి. షీటు లోపలి వైపు నీటి బిందువులు ఉన్నా, గోడ రంగు ముదిరినా, రంగులకు ఇంకా సమయం రాలేదన్నమాట. మీ పరిశీలనను తేదీ వేసి రాసుకోండి. నెల తరువాత అదే చోట మళ్లీ చేయండి.