ఒక్క మడి సాక్ష్యము చాలదు

క్రొత్త యెరువు వేసిన పొలమున ఎకరమునకు పది బస్తాలు, వేయని ప్రక్క పొలమున ఎనిమిది బస్తాలు పండినవనుకొందము. ఆ రెండు బస్తాలును ఎరువు మహిమయే యని నమ్మి, సంఘమున అప్పు తీసికొని యెరువు కొనువారు పెక్కురు కలరు. శాస్త్రజ్ఞు లంత తొందరగా నమ్మరు. ఏల నమ్మరో రైతు సోదరులు తెలిసికొనదగియున్నది.

ఇంగ్లండులోని రోథామ్‌స్టెడ్ పరిశోధన క్షేత్రమున 1843వ సంవత్సరము నుండి గోధుమ పైరుపై ఎరువుల పరీక్షలు జరుగుచున్నవి. అచ్చట మెర్సర్, హాల్ అను శాస్త్రజ్ఞులు 1910లో, చూపునకు సమముగా నున్న ఒక యెకరము గోధుమచేనిని 500 మళ్లుగా విభజించి, దేనికది వేరుగా కోయించి తూచిరి. ఒక్కొక్క మడి సెంటులో అయిదవ వంతు. అన్నిటికిని విత్తన మొక్కటే, సేద్య మొక్కటే. అయినను ఒక మడిలో గింజలు 2.73 పౌనులు, అనగా సుమారు ఒకటింబావు కిలో మాత్రమే తూగెను. మరియొక మడిలో 5.16 పౌనులు, అనగా రెండుంబావు కిలోలకు పైగా తూగెను. మనుష్యుడు చేసిన భేదమేమియు లేకయే దిగుబడి ఇంచుమించు రెట్టింపైనది! కావున ఒక మడిని మరియొక మడితో పోల్చి ఎరువు గుణమును నిర్ణయింపరాదు.

1919లో ఆ క్షేత్రమున చేరిన రోనాల్డ్ ఫిషర్ అను గణితవేత్త దీనికి మార్గము చూపెను. క్రొత్త యెరువును పలు మళ్లలో వేయవలెను. ఏ మడికి ఏ యెరువో చీటి వేసి నిర్ణయింపవలెను; లేనిచో మనకు తెలియకయే మంచి మడిని క్రొత్త యెరువునకు కేటాయింతుము. పిదప, ఒకే యెరువు వేసిన మళ్లు తమలో తా మెంత భేదించినవో చూచి, రెండెరువుల సగటు భేదమును దానితో సరిపోల్చవలెను.

ఈ పద్ధతి మన చేలలోను సాధ్యమే. ప్రక్కప్రక్కల మళ్లను జంటలుగా గుర్తించి, ప్రతి జంటలో క్రొత్త యెరువు దేనికో చీటి తీయుడు. నీరు ఒకదానినుండి మరొకదానికి పారకుండ గట్లు వేయుడు. గట్టువార సాళ్లు విడిచి, అన్ని మళ్లలోను నడుమ సమానమైన మేర కోసి, ఒకే రీతిని ఎండబెట్టి, ఒకే కాటాతో తూచి, తూకము వెంటనే పుస్తకమున వ్రాయుడు.

ఎరువునకు గుణమేమియు లేకున్నను, ఒకే జంటలో అది గెలుచుటకు సగము అవకాశమున్నది. ఆరు జంటలలోను వరుసగా గెలుచుట 64 మారులలో ఒక్కమారే కాకతాళీయముగా జరుగును. అప్పుపత్రముపై వ్రాలు చేయుటకు ముందు ఒక కారు ఓపిక పట్టి, ఆ ఆరు జంటల తీర్పు వినుట మేలు.