పాట అదే... అంకె మారింది!

"చూడు మామయ్యా! సీడీకి 7, రికార్డుకి 11! అందుకే 3 వేలు పోసి కొన్నా!" అంటూ మా మేనల్లుడు మొన్న ఓ ఇంగ్లీషు పాటల ఎల్పీ పట్టుకొచ్చాడు. ఆ అంకెలు పరీక్ష మార్కులు కావు సుమండీ! 'డైనమిక్ రేంజ్' మార్కులు. పాటలో మెల్లని చోటుకీ, గట్టి చోటుకీ మధ్య తేడా అన్నమాట.

ఆ లెక్కన గెలవాల్సింది సీడీయే. 1982 అక్టోబరులో జపానులో అమ్మకానికొచ్చిన సీడీకి 16 బిట్లు. బిట్టుకి సుమారు 6 డెసిబెల్స్ చొప్పున 96! నల్ల రికార్డులోనో, గాడిలో ముల్లు రాపిడి చప్పుడు ఉండనే ఉంటుంది. అది మింగగా మిగిలేది 60, 70. మరి సీడీకి తక్కువ మార్కులేమిటి?

గది పెద్దదే, సామానంతా అటకెక్కించేశారు! పక్కవాడి పాటకంటే మన పాట గట్టిగా మోగాలన్న పోటీ 1990లలో ముదిరింది. మెల్లని చోట్లని పైకి లేపడం, డ్రమ్ము దెబ్బల కొసలు నరికేయడం! 2008 సెప్టెంబరులో మెటాలికా బృందం 'డెత్ మాగ్నెటిక్' విడుదల చేస్తే, సీడీకి వచ్చిన మార్కులు కేవలం 3. అవే పాటలు 'గిటార్ హీరో' వీడియో గేములో 12 దాకా పలికాయి. గేముకిచ్చినవి అంతగా నొక్కేయని ట్రాకులు మరి. అభిమానులు గగ్గోలెత్తిపోయారు. మళ్ళీ మిక్స్ చెయ్యండంటూ వేలాది సంతకాలు! అక్కడ అంకె నిజమే చెప్పింది.

రికార్డు దగ్గరే వస్తుంది చిక్కు.

ఇంతకీ ఆ మీటరు చేసే పనేమిటి? పాటని 3 సెకన్ల ముక్కలు చేసి, బాగా గట్టిగా మోగే 20 శాతం ముక్కల సగటు తీస్తుంది. పాటలోని ఎత్తయిన శిఖరానికీ, ఈ సగటుకీ ఉన్న తేడాయే మార్కు. మెల్లని చోటు జోలికి అది పోనే పోదు!

ఇప్పుడు సీడీకి వాడిన నరికిన పాటనే రికార్డుకీ ఇచ్చారనుకోండి. గాడి చెక్కే యంత్రం, ముల్లు, ఆంప్లిఫయరు... ఇన్ని చేతులు మారేసరికి శబ్ద తరంగాలు ఒకదానికొకటి కాస్త జరుగుతాయి. చదునైన కొసలు ఏటవాలై, ఓ మూల పైకి లేస్తుంది. సగటు దాదాపు అక్కడే ఉంటుంది, శిఖరం పెరుగుతుంది. మూడో నాలుగో మార్కులు అదనం! గుండుకి పిలక అతికిస్తే జుట్టు పెరిగిందని మీటరు సంబరపడిపోతుంది. చెవికి దక్కేది మాత్రం శూన్యం.

అలాగని రికార్డులన్నీ ఇంతేనని కాదు. కొన్నిటికి తక్కువ నొక్కిన పాటని విడిగా తయారుచేసి ఇస్తారు. అవి నిజంగానే బాగుంటాయి. తేల్చుకోవాలంటే సీడీనీ, రికార్డునీ ఒకే వాల్యూములో పెట్టి, డ్రమ్ము దెబ్బ ఒక్కటే గమనించి వినాలి. వాల్యూము కాస్త ఎక్కువైనా సరే, గట్టిగా మోగిందే బాగుందనిపించి మోసపోతాం.

మేమూ అలాగే విన్నాం, ఓ గంటసేపు. రెండిట్లోనూ డ్రమ్ము ఒకేలా నలిగింది. రికార్డులో చిటపటలు అదనం.

మావాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత అట్ట తిప్పి చూసుకుని, "బొమ్మ మాత్రం పెద్దదిగా ఉంది మామయ్యా!" అన్నాడు.