పెట్టె ఎన్నాళ్లకు ఖాళీ అవుతుంది?

ఇల్లు కట్టుకునేవాళ్లు వడ్రంగితో కూర్చుంటే మాటంతా కర్ర చుట్టే తిరుగుతుంది. టేకు పెట్టాలా, వేపతో సరిపెట్టుకోవాలా, దర్వాజకు ఎంత మందం కావాలి, ఫీటు ఎంత పడుతుంది. నాలుగు టింబర్ డిపోలు తిరిగి, ఒకటికి రెండుసార్లు కొలిపించి గాని కర్ర కొనరు. ఆ కర్రను తలుపుగా నిలబెట్టే ఇనుప సామాను దగ్గరికి వచ్చేసరికి ఆ జాగ్రత్త కాస్తా జారిపోతుంది. పని సగంలో ఉండగా స్క్రూలు అయిపోతాయి. బండి తీసుకుని దగ్గరి దుకాణానికి పోయి డజనో రెండు డజన్లో తెచ్చుకుంటారు. ఆ డజను ఎంత పడిందని ఎవరూ లెక్క చూడరు. నిజానికి ఈ లెక్క చాలా సులువు. ఒక తలుపుకు మూడు మడతబందులు పడతాయి. నాలుగు అంగుళాల బందుకు మామూలుగా ఎనిమిది చిల్లులు. అంటే ఒక్క తలుపు వేలాడాలంటే 24 స్క్రూలు. నెలకు ఆరు తలుపులు బిగించే వడ్రంగికి ఒక్క బందులకే 144 స్క్రూలు కావాలి. టోకు వ్యాపారులు గ్రోసు అనేది సరిగ్గా ఇంతనే, పన్నెండు డజన్లు. నెలకు నికరంగా ఒక గ్రోసు వాడే మనిషి పన్నెండుసార్లు డజను ధర కడుతున్నాడంటే, తన కూలిలోంచి కొంత నెలనెలా తెలియకుండానే వదులుకుంటున్నాడు. గడియలు, గొళ్ళేలు, హ్యాండిళ్లు, గరుకు కాగితం, అన్నిటిదీ ఇదే తీరు.

ఈ తేడాకు దుకాణదారుణ్ణి తప్పుపట్టడం న్యాయం కాదు. తాళాలకూ ఇత్తడి సామానుకూ అలీగఢ్, బందులూ హ్యాండిళ్లకు రాజ్‌కోట్, నట్లూ బోల్టులకు లూధియానా పేరుపడ్డ ఊళ్లు. అలాంటి చోట్ల తయారైన సరుకు హైదరాబాద్‌లో రాణిగంజ్, బేగంబజార్ వంటి టోకు బజార్లకు చేరి, అక్కడినుంచి రాజీవ్ రహదారి మీద సుమారు 160 కిలోమీటర్లు ప్రయాణించి కరీంనగర్ వస్తుంది. కరీంనగర్ నుంచి మళ్లీ మండల కేంద్రంలోని చిన్న దుకాణానికి పోతుంది. మజిలీ మజిలీకీ కిరాయి, హమాలీ, వ్యాపారి లాభం కలుస్తాయి. చివరి దుకాణంలో పెట్టె విప్పి, లెక్కబెట్టి, పొట్లం కట్టే శ్రమ ఉంది. అడిగే నాథుడు లేక అరలో ఏళ్లతరబడి పడి ఉండే సైజుల నష్టం ఉంది. వాటి ఖరీదు కూడా ఆ డజను ధరలోనే కలిసి ఉంటుంది. ఏడాదికొకసారి నాలుగు స్క్రూలు కావలసిన గృహస్థుకు ఆ ధర సమంజసమే. అదే సైజు రోజూ వాడే పనివాడికి ఆ సేవ అక్కరలేదు, అయినా దానికి డబ్బు కడుతున్నాడు. ఆదిలాబాద్ వాళ్ల పరిస్థితి మరికొంచెం వేరు. వాళ్లకు హైదరాబాద్ 300 కిలోమీటర్ల పైచిలుకు దూరం, నాగపూర్ అయితే 200 లోపే. టోకు బజారు అంటే హైదరాబాదే అనే అలవాటు పక్కనబెట్టి రెండుచోట్లా ధర కనుక్కోవడం వాళ్లకు తప్పనిసరి.

అయితే ఎక్కువ కొంటే ఆదా అనే మాట సగమే నిజం, ఆ మిగతా సగం తెలియకనే చాలామంది చేతులు కాల్చుకుంటారు. ఉదాహరణకు ఒక లెక్క వేద్దాం. టోకున నూరు రూపాయలకు వచ్చే సరుకు చిల్లరగా కొంటే నూటపది పడుతుందనుకుందాం. ఆ డబ్బు నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీకి తెచ్చింది. సరుకు నాలుగు నెలలు కదలకుండా గోడ పక్కన పడి ఉంటే వడ్డీ పన్నెండు రూపాయలు. ఆదా అయిన పదీ పోయి చేతినుంచి ఇంకో రెండు పడ్డాయి. అదే సరుకు ఒక నెలలో అయిపోతే వడ్డీ మూడు, మిగులు ఏడు. పెట్టె అదే, ధర అదే, మారిందల్లా అది ఖాళీ అయ్యే కాలం. కాబట్టి టోకు కొనుగోలులో అసలు ప్రశ్న ఎంత తగ్గించారని కాదు, పెట్టె ఎన్నాళ్లకు ఖాళీ అవుతుందని. పెట్టిన నూటికి ఎంత ఆదా అయిందో దాన్ని నెల వడ్డీతో భాగిస్తే ఆ సరుకు ఎన్ని నెలలు నిల్వ ఉండవచ్చో తేలిపోతుంది. సొంత డబ్బయితే వడ్డీ లేదనుకోవడమూ పొరపాటే, ఆ డబ్బు పెట్టెలో ఇరుక్కుంటే రేపు కర్ర కొనడానికి అప్పు చేయాల్సి వస్తుంది. వడ్డీ తగ్గితే లెక్క ఎలా తిరగబడుతుందో చూడండి. కేంద్రం 2023 సెప్టెంబరు 17న మొదలుపెట్టిన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 చేతివృత్తుల్లో వడ్రంగం ఒకటి. పనిముట్లకు 15,000 రూపాయల వోచరుతో పాటు, మొదటి విడతగా లక్ష రూపాయల వరకు అప్పు ఏడాదికి 5 శాతం వడ్డీకే దొరుకుతుంది, తీర్చడానికి 18 నెలల గడువు. ఆ వడ్డీతో నాలుగు నెలల నిల్వకు నూటికి రెండు రూపాయలు కూడా పడదు. నెలకు మూడు రూపాయల వడ్డీ మీద నష్టం తెచ్చిన అదే పెట్టె ఇక్కడ లాభం తెస్తుంది.

వడ్డీ మన చేతిలో లేకపోయినా కాలం మన చేతిలో ఉంది. ఒక్కడికి పది నెలలు వచ్చే సరుకు పదిమందికి ఒక్క నెలలో అయిపోతుంది. నా వాదనంతా ఈ ఒక్క వాక్యం మీదే నిలబడి ఉంది. ఒంటరి వడ్రంగికి టోకు కొనుగోలు చాలాసార్లు బరువే, పదిమంది కలిస్తే అదే ఆదా. ఇది కొత్త ఆలోచనేమీ కాదు. ఫ్యాక్టరీ సరుకు పోటీకి జర్మనీలో చేతిపనివాళ్లు కుంగిపోతున్న రోజుల్లో, డెలిట్జ్ అనే చిన్న పట్నంలో హెర్మన్ షుల్జ్ అనే న్యాయాధికారి 1849లో వడ్రంగులనూ చెప్పులు కుట్టేవాళ్లనూ కూడగట్టి ముడిసరుకు కలిసి కొనుక్కునే సంఘాలు పెట్టించాడు. ప్రపంచ సహకారోద్యమానికి వేళ్లూనిన చోట్లలో అదొకటి. అంటే ఆ కథ మొదట్లోనే కర్రపని చేసేవాళ్లున్నారు, వాళ్ల మొదటి అవసరం సరుకు కలిసి కొనడమే.

మన దగ్గరి ఉదాహరణ కోసం జర్మనీ దాకా పోనక్కరలేదు. పాత కరీంనగర్ జిల్లా, ఇప్పుడు హనుమకొండ జిల్లాలో ఉన్న భీమదేవరపల్లి మండలం ముల్కనూర్‌లో 1956లో అలిగిరెడ్డి కాశీ విశ్వనాథరెడ్డి చొరవతో పుట్టిన సహకార గ్రామీణ బ్యాంకు రైతులకు అప్పే కాదు, ఎరువులూ పురుగుమందులూ సమకూర్చింది, పంటా కొనింది. ఒక్కో రైతు సంచి సంచికీ బేరమాడే చోట సంఘం లారీ లెక్కన బేరమాడింది. అదే నేల మీద 2000లో మహిళల పాల సహకార సంఘం లేచి నిలబడింది. సిరిసిల్లలో నూలుదీ ఇదే గొడవ. మరమగ్గం పెట్టుకున్న చిన్న ఆసామి దగ్గర నూలు గంపగుత్తగా కొనే పెట్టుబడి లేక, ఉద్దెరకు తెచ్చుకుని వ్యాపారులు చెప్పిన ధరే కట్టాల్సి వచ్చేది. ఆ ముడి విప్పడానికే 2024లో రాష్ట్ర ప్రభుత్వం వేములవాడలో 50 కోట్ల రూపాయలతో నూలు డిపో మంజూరు చేసింది. రైతుకు ఎరువు, నేతకారుడికి నూలు, వడ్రంగికి బందులూ స్క్రూలు. వస్తువు మారినా చిక్కు ఒకటే, తక్కువ తక్కువగా కొనేవాడు ఎక్కువ ధర కడతాడు.

ఏది కలిసి కొనాలి, ఏది కొనకూడదు అన్న దగ్గర తొందర పనికిరాదు. అందరూ వాడేవి, చెడిపోనివి, బరువుకు మించి విలువ ఉన్నవి మొదట. 25, 35 మిల్లీమీటర్ల స్క్రూలు, మూడు నాలుగు అంగుళాల బందులు, మామూలు గడియలు ఈ కోవలోవి. తేమ తగలని డబ్బాలో పెడితే వానాకాలం దాటినా వాటికేమీ కాదు. సోకు హ్యాండిళ్లు, రంగు రంగు మైకాలు ఇంటివాళ్ల ఇష్టంతో మారిపోతాయి, వాటిని నిల్వ పెట్టడమంటే జూదమే. ప్లైవుడ్ ఎనిమిది బై నాలుగు అడుగుల పలకలు చదునుగా పేర్చే చోటు లేకపోతే వంగిపోతాయి, కిరాయి కూడా ఎక్కువ. ఇక జిగురు సంగతి. తెల్ల జిగురుకు సాధారణంగా ఏడాది ఆయువు. రేకుల షెడ్డులో, వేసవిలో 45 డిగ్రీలు దాటే మన ఎండల్లో అంత కూడా ఉండదు. చలికాలంలో 5 డిగ్రీల దరికి పడిపోయే ఆదిలాబాద్ రాత్రుల్లో మంచి జిగురు కూడా సరిగా పట్టదు. అందుకని జిగురును పెద్ద డ్రమ్ము తీసుకున్నా అదే వారంలో పంచుకోవాలి. పాలిష్‌కు వాడే లక్క చప్రా దీనికి సరిగ్గా ఎదురు. స్పిరిట్‌లో కరిగించి సీసాలో ఉంచితే నెలలు గడిచేకొద్దీ దాని సత్తువ పోతుంది, పూసినచోట ఆరక జిడ్డుగా ఉండిపోతుంది. అదే పొడి రేకుల రూపంలో చల్లగా, పొడిగా ఉంచితే చాలాకాలం నిలుస్తుంది. రేకులు టోకున కొని, కావలసినంతే కరిగించుకోవడం తెలివైన పని.

తక్కువ ధరకు నాసిరకం అంటగడతారేమోనన్న భయం సరైనదే. ఒక చెడ్డ బందు కొంటే ఒక తలుపు కిర్రుమంటుంది, పెట్టె కొంటే పది ఇళ్లలో కిర్రుమంటుంది. అందుకే పెట్టెకు ముందు ఒక్క ముక్క తెప్పించుకుని చేత్తో చూడాలి. బందు మూసి వెలుతురుకు పట్టుకుంటే రెండు రెక్కల మధ్య సందు పైనుంచి కిందిదాకా ఒకేలా ఉండాలి. తెరిచి రెక్కలను పైకీ కిందికీ కదిపితే పుల్ల దగ్గర ఆట ఉండకూడదు. ఇత్తడిదని చెప్పిన బందుకు అయస్కాంతం అంటుకుంటే పైన ఇత్తడి పూత, లోపల ఇనుము. స్క్రూను గట్టి టేకులోకి పూర్తిగా తిప్పి, వెనక్కి తీసి చూస్తే తల గాడి అరిగిందో లేదో తెలుస్తుంది. ఈ సామాను మీద జీఎస్టీ 18 శాతం, జీఎస్టీ నమోదు లేని వడ్రంగికి అది తిరిగి రాదు కాబట్టి ధరలు పోల్చేటప్పుడు పన్ను కలిపిన ధరలనే పోల్చాలి. బిల్లు లేకుండా ఇస్తామంటే ధర తగ్గినట్టు అనిపిస్తుంది గాని, సరుకు చెడ్డదయినప్పుడు తిరిగి ఇవ్వడానికి చేతిలో కాగితం ఉండదు.

ఇంకో అభ్యంతరం మరింత బలమైనది. ఊరి దుకాణదారుడు ఉద్దెర ఇస్తాడు, మిగిలిన ముక్క వెనక్కి తీసుకుంటాడు, రాత్రి తలుపు తట్టినా ఇస్తాడు, అతన్ని వదిలేస్తే ఎలా అని. వదిలేయమని నేననను. ఉద్దెర ఊరికే రాదు, దాని వడ్డీ ధరలోనే ఉంటుంది, అయినా చేతిలో పైసలు ఆడని నెలలో అదే ఆసరా. పదిమంది వడ్రంగులు కలిసి ముందుగా అడగాల్సింది కూడా ఆ దుకాణాన్నే. ఇన్ని గ్రోసులు, ఈ తేదీకి, నగదు మీద అని ఒకే చీటీ పెడితే అతనికి పొట్లాలు కట్టే పని తప్పుతుంది, ఉద్దెర మునిగే భయం పోతుంది, ధర తగ్గించడానికి అతనికీ కారణం దొరుకుతుంది. ఒప్పుకోకపోతేనే రాణిగంజ్ దారి. మరి హార్డ్‌వేర్ ఇంటివాళ్లే కొంటారు కదా, వడ్రంగికి కూలే కదా అంటారు. నిజమే, చాలా ఇళ్లలో అంతే. కాని మంచాలు, బీరువాలు, తయారు తలుపులు చేసి అమ్మేవాళ్లు, సామానుతో సహా గుత్తకు ఒప్పుకునేవాళ్లు తమ డబ్బుతోనే కొంటారు. ఈ మాట వాళ్లకే. ఇంటివాళ్లు కొనే చోట వడ్రంగికి దుకాణం నుంచి ముట్టే కమీషను ఒకటుంటుంది. అది చివరికి ఇంటివాళ్ల బిల్లులోనే చేరుతుంది, దాన్ని ఆదాయంగా లెక్కవేసుకోవడం వృత్తి మీద నమ్మకానికి మంచిది కాదని నా అభిప్రాయం.

సంఘం అనగానే రాజకీయాలు, లెక్కల గొడవలు అని జంకేవాళ్లకు నిర్మల్ అనుభవం రెండువైపులా నేర్పుతుంది. అక్కడి కొయ్యబొమ్మల కళాకారులకు 1955 నుంచీ సహకార సంఘం ఉంది. పొనికి కర్రను తొలిచి, ముక్కలను చింతగింజల పిండీ రంపపు పొట్టూ కలిపిన ముద్దతో అతికి, సుద్ద పూసి రంగులు వేసే ఆ పనికి ముడిసరుకు ఒక్కొక్కరుగా సంపాదించడం కష్టం. సంఘం లేకపోతే ఆ కళ ఇంతకాలం నిలిచేదా అన్నది సందేహమే. అయినా అడవిలో పొనికి చెట్లు తగ్గిపోయిన చోట సంఘం కూడా వాటిని పుట్టించలేదు, కొత్తగా నాటి పెంచితేనే దానికి దారి. కలిసి కొనడం ధరను తగ్గిస్తుంది, కొరతను తీర్చదు. బందులకూ స్క్రూలకూ ఆ చిక్కు లేదు, అందుకే అక్కడ మొదలుపెట్టడం తేలిక.

దానికి రిజిస్ట్రేషనూ గోదామూ జీతగాళ్లూ అక్కరలేదు. ఒక నోటుబుక్కులో ఎవరికి ఎన్ని కావాలో రాసి, డబ్బు ముందే వేసుకుని, సరుకు వచ్చిన రోజే పంచుకుంటే నిల్వా ఉండదు, నిల్వ గురించి అనుమానాలూ ఉండవు. మన ఊళ్లలో పొదుపు సంఘాల ఆడవాళ్లు ఇంతకంటే చిక్కు లెక్కలు ప్రతివారం రాస్తున్నారు. పంపకం దగ్గర పేచీ రాకుండా స్క్రూలను ఒక్కొక్కటి లెక్కపెట్టుకుంటూ కూర్చోనక్కరలేదు. ఒక సైజువి వంద లెక్కపెట్టి త్రాసులో తూచి, ఆ బరువును పెట్టె మీద రాసి, మిగతావన్నీ అదే బరువున వందలుగా తూచుకుంటూ పోతే, పదిమంది వాటాలూ అరగంటలో తేలిపోతాయి.