ఫుట్‌బాల్ పాస్ అభ్యాసాలు – జట్టు భావన

ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• పాస్ ఇద్దరు కలిసి చేసే పని ఎలా అవుతుందో వివరించగలుగుతారు.
• పాస్ అభ్యాసాలను సులభమైన వాటి నుంచి క్లిష్టమైన వాటికి క్రమంగా నిర్వహించగలుగుతారు.
• అభ్యాసంలో పెట్టే నియమం జట్టు భావనను ఎలా పెంచుతుందో, ఎక్కడ విఫలమవుతుందో గుర్తించగలుగుతారు.

1. పరిచయం

ఫుట్‌బాల్ ఆట 90 నిమిషాలు. మైదానంలో 22 మంది ఆటగాళ్లు, ఒకే బంతి. ఆట ఒక్క క్షణం కూడా ఆగలేదనుకుని సమానంగా పంచినా, ఒక్కొక్కరి కాలి దగ్గర బంతి ఉండేది దాదాపు 4 నిమిషాలే. మిగిలిన 86 నిమిషాలు ఆ ఆటగాడు ఏం చేస్తున్నాడు? జట్టు భావన అంతా ఈ ప్రశ్నలోనే ఉంది.

వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేసిన తొలి సంవత్సరాలలో నాకు ఈ విషయం తెలియలేదు. పిల్లలను రెండు వరుసలలో ఎదురెదురుగా నిలబెట్టి గంటసేపు పాస్‌లు చేయించేవాణ్ణి. ఐకమత్యం గురించి ఉపన్యాసం కూడా ఇచ్చేవాణ్ణి. తీరా పోటీ మొదలైతే బంతి ఇద్దరు ముగ్గురు చురుకైన పిల్లల మధ్యనే తిరిగేది. ఒకసారి ఆట ముగిశాక, ఒక మూల ఆడిన పిల్లవాడి బట్టలకు దుమ్ము కూడా అంటలేదని గమనించాను. ఆ తప్పు పిల్లలది కాదు, నేను ఎంచుకున్న అభ్యాసానిది. వరుసలో నిలబడిన పిల్లవాడు ఎవరికి పాస్ ఇవ్వాలో ఆలోచించనవసరం లేదు. అందుకునేవాడు కదలనవసరం లేదు. ఆటలో అవసరమయ్యేవి ఈ రెండే.

2. రహీం చూపిన మార్గం

ఈ విషయంలో మనకు దగ్గరి ఉదాహరణ హైదరాబాద్‌కు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం. వృత్తిరీత్యా పాఠశాల ఉపాధ్యాయుడు. ఆయన శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. భారత జట్టు 1951 ఢిల్లీ, 1962 జకార్తా ఆసియా క్రీడలలో స్వర్ణ పతకాలు సాధించింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం పొందింది.

డ్రిబ్లింగ్ చేయకూడదనే నియమంతో ఆయన పోటీలు నిర్వహించారు. బలహీనమైన కాలితోనే ఆడే పోటీలు కూడా పెట్టారు. ఈ నియమాల ప్రభావాన్ని ఆలోచించండి. బంతితో పరుగెత్తే వీలు లేనప్పుడు ఆటగాడు తలెత్తి తోటివారి కోసం చూడక తప్పదు. తోటివారు కూడా బంతి అందుకోవడానికి అనువైన చోటుకు కదలక తప్పదు. ఉపన్యాసం చేయలేని పనిని నియమం చేస్తుంది.

3. అభ్యాసాల క్రమం

3.1 జంట పాస్: ఇద్దరు ఆటగాళ్లు 8 నుంచి 10 మీటర్ల దూరంలో నిలబడాలి. పాదం లోపలి భాగంతో బంతిని నేలబారుగా పంపాలి. అందుకునేవారు ముందుగా పేరు పెట్టి పిలవాలి, లేదా చేయి చూపాలి. పిలుపు లేకుండా పాస్ ఇవ్వకూడదు. అడగడం కూడా నేర్చుకోవలసిన నైపుణ్యమే.

3.2 త్రిభుజం: ముగ్గురు ఆటగాళ్లు మూడు మూలల్లో ఉంటారు, నాలుగో మూల ఖాళీగా ఉంటుంది. పాస్ ఇచ్చినవారు వెంటనే ఖాళీ మూలకు పరుగెత్తాలి. పాస్ ఇవ్వడంతో తన పని పూర్తయిందనే భావన ఇక్కడ పోతుంది.

3.3 నలుగురు – ఒకరు: 8 మీటర్ల చతురస్రాన్ని సున్నంతో గీయండి. నాలుగు భుజాల మీద నలుగురు, మధ్యలో ఒకరు ఉంటారు. మధ్యలో ఉన్నవారు బంతిని అడ్డుకుంటే, దానిని పోగొట్టుకున్నవారు లోపలికి రావాలి. బంతి ఉన్నవారికి కుడివైపున ఒకరు, ఎడమవైపున ఒకరు ఎప్పుడూ కనిపిస్తూ ఉండాలి. అడ్డుకునేవారి వెనుక నిలబడినవారికి బంతి చేరదు. కాబట్టి వారు తమ భుజం వెంట పక్కకు జరగాలి. పాస్ తప్పినప్పుడు ఇచ్చినవారినే తిట్టకండి. పక్కనున్న ఇద్దరూ ఎక్కడ ఉన్నారో ముందు చూడండి.

3.4 నియమంతో ఆట: ఐదుగురు చొప్పున రెండు జట్లుగా ఆడించండి. బంతిని మూడుసార్లకు మించి తాకకూడదు. ఐదుగురూ తాకిన తరువాత వేసిన గోల్‌నే లెక్కించాలి. కొత్తగా నేర్చుకునేవారికి ఒకే స్పర్శ నియమం పెట్టవద్దు. వారు చూడకుండా తన్నేస్తారు.

4. జాగ్రత్తలు

అందరూ తాకాలనే నియమానికి ఒక లోపం ఉంది. పిల్లలు బలహీనమైన ఆటగాడికి మొక్కుబడిగా బంతి ఇచ్చి, వెంటనే తిరిగి తీసుకుంటారు. అది పాస్ లాగే కనిపిస్తుంది కాని, అందులో నమ్మకం లేదు. అందుచేత 10 నిమిషాల తరువాత నియమాన్ని తొలగించి ఆటను కొనసాగించండి. అసలు పరీక్ష అప్పుడే మొదలవుతుంది.

ఒక కాగితం మీద పిల్లల పేర్లు రాసి, బంతి అందుకున్న ప్రతిసారీ వారి పేరు పక్కన ఒక గీత గీయండి. నియమం ఉన్నప్పుడు, లేనప్పుడు వచ్చిన గీతలను పోల్చండి. నియమం తీసేయగానే ఒక పేరు పక్కన గీతలు ఆగిపోతే, ఆ పిల్లవాడిని మందలించవద్దు. అతడు బంతిని అందుకోలేకపోతున్నాడా, కదలడం లేదా, లేక తోటివారు అతణ్ణి చూడడం లేదా అన్నది తేల్చుకోండి. మొదటిదానికి జంట పాస్, రెండవదానికి త్రిభుజం, మూడవదానికి చతురస్రం తగిన అభ్యాసాలు.

5. సారాంశం

పాస్‌ల సంఖ్య పెరిగినంత మాత్రాన జట్టు భావన పెరగదు. బంతి లేనివారు కదలడం, ఉన్నవారు చూడడం, ఇద్దరూ ఒకరినొకరు నమ్మడం దానికి ఆధారాలు. ఆ అవసరాన్ని కల్పించే నియమాన్ని ఎంచుకోవడం శిక్షకుడి బాధ్యత. మీ శిక్షణలో ఏ పిల్లవాడూ బంతి అందుకోకుండా ఇంటికి వెళ్లకూడదు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. వరుసలలో చేయించే పాస్ అభ్యాసానికి ఉన్న పరిమితులు ఏవి?
2. డ్రిబ్లింగ్ లేని ఆట వల్ల బంతి లేని ఆటగాడి ప్రవర్తన ఎలా మారుతుంది?
3. మీకు దగ్గరలోని పాఠశాలలో ఒక ఆటను గమనించి, పైన చెప్పిన పద్ధతిలో గీతలు నమోదు చేయండి. అతి తక్కువ గీతలు వచ్చిన ఆటగాడికి తగిన అభ్యాసాన్ని కారణంతో సహా సూచించండి.