ఇంటి అప్పు – ఇల్లాలి చేవ్రాలు

ఇల్లు కట్టి చూడుమనియు, పెండ్లి చేసి చూడుమనియు మన పెద్దలు చెప్పిరి. ఆ కాలమున గృహస్థులు పెక్కేండ్లు ధనము కూడబెట్టి, చాలనంతవరకే అప్పు చేసి ఇల్లు కట్టెడివారు. నేడో, ముందు అప్పు, పిదప ఇల్లు, ఆపైన ఇరువదియేండ్ల వాయిదాలు. ఈ మార్పును మేము తప్పు పట్టుట లేదు. సొంత కప్పు క్రింద బిడ్డలను పెంచుకొనవలెనన్న కోరిక గృహిణికి సహజము. కాని ఆ అప్పు కాగితములమీద నేడు ఇల్లాలును చేవ్రాలు చేయవలసివచ్చుచున్నది. భర్తయో, కుమారుడో వ్రేలు పెట్టి చూపినచోటనెల్ల సంతకము చేసి వచ్చు సోదరీమణులు మనలో తక్కువమంది కారు. ఆ చేవ్రాలున కర్థమేమో తెలుపుటయే మా ఉద్దేశము.

భార్యాభర్తల ఇరువురి సంపాదనను కలిపి లెక్కించినచో బ్యాంకువారు ఎక్కువ అప్పిత్తురు. అందులకై ఆమెను సహ ఋణగ్రహీతగా చేర్చుదురు. ఈ బాధ్యత సగముతో ఆగునది కాదు. వాయిదాలు తప్పినచో బాకీ యావత్తును ఆమెనుండియు రాబట్టవచ్చును. అయినను ఆ సంతకమువలన ఆమెకు ఇంటిపై ఇసుమంతయు హక్కు కలుగదు. హక్కునిచ్చునది రిజిస్టరయిన విక్రయ దస్తావేజు. అందు కొనువారి వరుసలో ఆమె పేరు లేనిచో, ఆమె అప్పునకు భాగస్వామిని గాని ఇంటికి కాదు. తన జీతమును ధారపోయుచున్న స్త్రీయు, పుట్టింటి నగలమ్మి ఇచ్చిన స్త్రీయు "దస్తావేజులో నా పేరున్నదా?" యని అడుగుట అపనమ్మకము కాదు, సంసారమునందలి జాగరూకతయే. 1956 నాటి హిందూ వారసత్వ చట్టము స్త్రీ సంపాదించుకొన్న ఆస్తికి ఆమెనే సంపూర్ణ యజమానురాలినిగా చేసినది. ఆ హక్కును కాగితముమీద నిలుపుకొనుట మన పని.

ఇక వడ్డి లెక్క. 30 లక్షల రూపాయలు నూటికి 9 వంతున 20 సంవత్సరములకు తీసికొన్నారనుకొందము. నెలసరి వాయిదా సుమారు 26,992 రూపాయలు. మొదటినెల కట్టినదానిలో 22,500 వడ్డికే పోవును. అసలు తగ్గునది 4,492 మాత్రమే. అయిదేండ్లలో 16 లక్షలకు పైగా కట్టినను అసలు సుమారు 3 లక్షల 39 వేలే తీరును. గడువంతయు ముగియునప్పటికి వడ్డి ఒక్కటియే 34 లక్షల 78 వేలగును. అదే అప్పును 15 సంవత్సరములకు తీసికొన్నచో వాయిదా 30,428 అగును. నెలకు మరి 3,436 రూపాయలు సమకూర్చుకొనగల సంసారమునకు మొత్తముమీద 10 లక్షలు మిగులును. వాయిదా ఎంత తక్కువయని మాత్రమే చూచువారు ఈ భేదమును గమనింపరు.

వడ్డిరేటు మారుచుండు అప్పులలో మరియొక చిక్కు కలదు. రేటు హెచ్చినపుడు వాయిదాను పెంచక గడువును పొడిగించుట తరచు జరుగును. పై లెక్కలో ఆదియందే రేటు 10.8 కి పెరిగినచో, ఒక నెల వడ్డియే 27,000 అగును; అనగా పాత వాయిదా వడ్డికే చాలదు. ఇట్టి సమయమున వాయిదా పెంచుకొనుటయో, గడువు పెంచుకొనుటయో ఎన్నుకొను అవకాశమును ఋణగ్రహీతకీయవలెనని రిజర్వు బ్యాంకు 2023లో ఆదేశించినది. ఉత్తరము వచ్చినపుడు బల్లపై పడవేయక చదువవలెను. ఇట్టి అప్పును వ్యక్తులు ముందుగా తీర్చినను జరిమానా లేదు గనుక, పంట డబ్బో, బోనసో చేతికందినపుడు కొంత అసలునకు జమకట్టుట మేలు.

ఇంటి విలువ యావత్తును బ్యాంకువారు ఈయరు. అప్పు 30 లక్షలవరకు విలువలో నూటికి 90 వంతులు, 75 లక్షలవరకు 80, ఆపైన 75 వంతులు మించరాదని నిబంధన. తక్కినదియు, రిజిస్ట్రేషను ఖర్చులును మనమే తేవలెను. ఆ సొమ్ముకై చేబదులు చేసి, పిదప ఒక్క నెల జీతమాగినచో తల్లడిల్లు కుటుంబములు కలవు. ఆరునెలల వాయిదాలకు సరిపడు ధనము వేరుగా దాచియుంచిన తరువాతనే ఇల్లు చూడుడని మా సలహా. వాయిదాలు మూడునెలలు తప్పినచో ఖాతా మొండిబాకీ యగును. అటుపైన 2002 నాటి చట్టముననుసరించి బ్యాంకువారు 60 దినముల నోటీసు నిచ్చి, కోర్టులో దావా వేయకయే ఇంటిని స్వాధీనపరచుకొని వేలము వేయవచ్చును.

"బ్యాంకువారు అప్పిచ్చిరి గనుక ఇల్లు మంచిదే" యనుట పొరపాటు. వారి పరిశీలన వారి సొమ్ము క్షేమమునకు. మన క్షేమమునకు మన వకీలుండవలెను. సబ్ రిజిస్ట్రారు కచ్చేరినుండి కనీసము 30 ఏండ్ల ఎన్‌కంబరెన్సు సర్టిఫికెట్టు తెప్పించవలెను. అది రిజిస్టరయిన వ్యవహారములనే చూపును. నోటిమాట పంపకములు అందు కనబడవు. కావున అమ్మువాని అసలు దస్తావేజులను కన్నులార చూడవలెను. పిత్రార్జితమయినచో ఆడుబిడ్డల సంతకములు కలవో లేవో విచారింపవలెను. 2005 నాటి సవరణవలన వారికి కుమారులతో సమానమయిన హక్కున్నది. పేదలకు ప్రభుత్వమిచ్చిన అసైన్డు భూముల అమ్మకమును 1977 నాటి చట్టము కట్టడి చేసినది. పవరాఫ్ అటార్నీ కాగితముతో జరిగిన అమ్మకమువలన యాజమాన్యము సంక్రమింపదని 2011లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. 2024లో హైదరాబాదున చెరువుల హద్దులలోని కట్టడములను హైడ్రా సంస్థ కూల్చిన సంగతి మనమెరిగినదే. ఇల్లు నేలమట్టమయినను బ్యాంకు బాకీ నిలిచియే యుండును.

క్రొత్త అపార్టుమెంటులు కొనువారికి 2016 నాటి రెరా చట్టము కొంత అండ. ఎనిమిది ఫ్లాటులకు మించినను, 500 చదరపు మీటరులకు మించిన నేలలో కట్టినను నిర్మాణమును నమోదు చేయవలెను. ఒప్పందము రిజిస్టరు కాకమునుపు ధరలో పదవవంతుకంటె ఎక్కువ బయానా పుచ్చుకొనరాదు. వరండా, మెట్లు, లిఫ్టు కలిపి చెప్పు కొలతను విడిచి, గోడలలోపల మనకు దక్కు కార్పెట్ ఏరియా ఎంతయో అడుగుడు.

కడపటి వాయిదా కట్టిననాడు పని ముగిసినదని మరచిపోరాదు. అప్పు తీరిన 30 దినములలో అసలు దస్తావేజులను తిరిగి ఈయవలెను. తమ తప్పువలన జాగు చేసినచో బ్యాంకువారు దినమునకు 5,000 రూపాయల వంతున పరిహారమీయవలెను. 2023 డిసెంబరునుండి ఈ నియమము అమలులో నున్నది.

సోదరీమణులారా! చీర కొనునపుడు అంచు తిప్పి చూతుము, బియ్యము కొనునపుడు అరచేత పోసి చూతుము. జీవితకాలపు సంపాదనను ఒడ్డి కొను ఇంటి కాగితములను చూడకుండుట తగునా? తెలియనిది అడిగిన చిన్నతనము కాదు. బ్యాంకులో ఒక పూట ఆలస్యమైనను, ప్రతి పుటయు చదివించుకొని, అర్థమయిన పిదపనే చేవ్రాలు చేయుడు. అట్లు చేసిన ఇల్లాలు అప్పును పంచుకొన్నట్లే ఇంటిని కూడ పంచుకొనును.