బీటెక్ తర్వాత నల్లకోటు.. అసలు లెక్క ఇదీ!

పొలం గట్టు తగాదా మీద మా నాన్న ఎనిమిదేళ్లుగా కోర్టుకి తిరుగుతున్నాడు. ‘ఏమైంది నాన్నా?’ అని ఫోన్ చేస్తే ఒకటే జవాబు: ‘మళ్లీ వాయిదా.’ మొన్న ఊరెళ్లినప్పుడు ఆ కేసు కాగితాలు నేనే చదివా. సగం అర్థం కాలేదు. ఆ రాత్రే ‘బీటెక్ చదివినవాళ్లు లాయర్ కావొచ్చా?’ అని వెతికా.

కావొచ్చు. ఏ డిగ్రీ అయినా సరే, జనరల్ కేటగిరీలో 45 శాతం మార్కులుంటే మూడేళ్ల ఎల్‌ఎల్‌బీకి లాసెట్ రాయొచ్చు. ఏపీ, తెలంగాణలకు వేర్వేరు పరీక్షలు. 90 నిమిషాలు, 120 ప్రశ్నలు. నెగెటివ్ మార్కుల్లేవు, తెలుగులోనూ రాయొచ్చు. ఎంసెట్ దాటొచ్చిన మనకి ఇదో లెక్కా అనుకున్నా.

అసలు లెక్క ఆ తర్వాతే ఉంది. ఉద్యోగం చేస్తూ చదివేద్దామంటే కుదరదు. దూరవిద్య ఎల్‌ఎల్‌బీతో అడ్వకేట్‌గా నమోదు కాలేం. బార్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం 70 శాతం హాజరుండాలి. ‘అటెండెన్స్ సంగతి మేం చూసుకుంటాం’ అని ఫోన్లో ఓ కన్సల్టెంట్ భరోసా ఇచ్చాడు. క్లాసుకెళ్లకుండా పట్టా తెచ్చుకుంటే నాన్న కాగితాలు అప్పుడూ అర్థం కావుగా!

డిగ్రీ చేతికొచ్చాక రాష్ట్ర బార్ కౌన్సిల్‌లో నమోదవ్వాలి. ఇక్కడో ఊరట. నమోదు ఫీజు చట్టంలో ఉన్నంతే తీసుకోవాలని 2024 జులైలో సుప్రీంకోర్టు చెప్పింది. జనరల్‌కు 750, ఎస్సీ, ఎస్టీలకు 125 రూపాయలు. అంతకుముందు చాలా రాష్ట్రాల్లో వేలల్లో వసూలు చేసేవారు. ఆపైన ఆలిండియా బార్ పరీక్ష పాసవ్వాలి. ప్రాక్టీస్ చేస్తూ ఫుల్‌టైమ్ జీతం ఉద్యోగం చేయకూడదు. నేరుగా జడ్జి పరీక్ష రాద్దామన్నా, జూనియర్ సివిల్ జడ్జి పోస్టుకి మూడేళ్ల ప్రాక్టీస్ ఉండాల్సిందేనని 2025 మేలో సుప్రీంకోర్టు తేల్చేసింది.

ఇంటర్‌లో నా పక్కన కూర్చున్నవాడు ఇప్పుడు ఓ సీనియర్ దగ్గర జూనియర్. ‘నెలకి ఎంతొస్తుందిరా?’ అంటే నవ్వాడు. ‘బండికి పెట్రోలు వస్తుంది. ఇంటి అద్దె మా అన్న కడుతున్నాడు.’

అంటే అడ్డం పడేది ప్రవేశ పరీక్ష కాదు. మూడేళ్ల చదువు, ఆపైన జూనియర్‌గా గడిపే కాలం. అన్నాళ్లు జీతం లేకుండా ఎవరు నిలబడగలరన్నదే ప్రశ్న. నేనైతే రాజీనామా పెట్టలేదు. ఆ ఖర్చు కోసం వేరే ఖాతా తెరిచి డబ్బు వేస్తున్నా.

నాన్న వచ్చే వాయిదాకి మాత్రం లీవు పెట్టా. ఉద్యోగం మానేముందు, కోర్టు హాల్లో ఆ బెంచీ మీద ఒక రోజంతా కూర్చోగలనో లేదో తెలియాలి కదా!